వాకిట్లో లేని మంచు గట్టు

ఆ ఏడు మిన్నెసోటా గనుల వైపు ఎంత మంచు పడిందంటే, నవంబరులో గూట్లో దూరిన పక్కింటి హెన్రీ వాళ్ళ కుక్కకి బయటికి దారి దొరకలేదు. చివరికి మార్చిలో నాలుగు పిల్లల్ని వెంటేసుకుని మరీ బయటపడింది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ పిల్లల్ని చూసి రావచ్చు.

అలాంటి కాలంలో, డిసెంబరు నెలలో ఒక పొద్దున, కైసా పార పుచ్చుకుని వాకిట్లోకి వచ్చి, చేయడానికి పనిలేక నిలబడిపోయింది. మంచు తోసే కౌంటీ సర్కారు బండి వీధి వెంట వెళ్ళిందంటే ప్రతి ఇంటి ముందూ నడుమెత్తు మంచు గట్టు పోసి పోతుంది. దాన్ని తవ్వితేగాని కారు కదలదు. వీధి వీధంతా తిట్టుకుంటూ తవ్వుతోంది. తమ వాకిలి మాత్రం తుడిచిన పళ్ళెంలా ఉంది. నెల రోజులుగా ఇదే వరస.

"మంచుకి మనిల్లంటే మొహమాటమేమో నాన్నా!" లోపలికొచ్చి అంది.

"మంచివాళ్ళ ఇల్లు కదమ్మా," అన్నాడు రేనో, కాఫీలోంచి తలెత్తకుండా. అరవై రెండేళ్ళ మనిషి, గనిలో మూడు వంతుల ఆయుష్షు పోసి రిటైరయ్యాడు. రక్తానికి కాన్సరు. మూడు వారాలకోసారి ఊళ్ళో ఆసుపత్రిలో మందు ఎక్కించుకుంటున్నాడు. అలాంటివాడు పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని కూర్చున్నాడు. కైసాకి అదీ అనుమానంగానే ఉంది.

బల్ల మీద రెండు ఉత్తరాలున్నాయి. రేట్లు చాలడం లేదని, తప్పంతా ఇన్సూరెన్సు వాళ్ళదేనని ఆసుపత్రి రాసింది. ఆసుపత్రికి ఆశ ఎక్కువైందని ఇన్సూరెన్సు వాళ్ళు రాశారు. ఈ నెలాఖరుకి బేరం కుదరకపోతే గని పెన్షనర్లెవరూ ఊళ్ళో ఆసుపత్రి గడప తొక్కలేరు. తొంభై మైళ్ళ అవతల డులూత్‌కి పోవాలి.

"ఇద్దరికీ నేనంటే ప్రాణమే," అన్నాడు రేనో. "మీ అమ్మ కూడా నాకిన్ని ఉత్తరాలు రాయలేదు."

"నవ్వులాట కాదు నాన్నా. జనవరి నుంచి ఏం చేస్తాం?"

"చూద్దాంలే." కిటికీలోంచి వీధిలోకి చూశాడు. మంచు బండి మలుపు తిరుగుతోంది. కైసా ఆయన చూపునే చూసింది.

శనివారం సానా రోజు, ఇంటిల్లిపాదీ ఆవిరి స్నానం చేసే రోజు. పొయ్యి వెలిగించే పని రేనోదే, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. కానీ ఈ వారం మందు పడక పడుకున్నాడు. కైసా సానా గదిలోకి వెళ్ళి, రాజేయడానికి బుట్టలోంచి బెరడు గుప్పెడు తీసింది. బెరడు మధ్యన మడత పెట్టిన కాగితం. అగ్గిపుల్ల గీసింది కూడా. ఎందుకో విప్పి చూసింది.

కౌంటీ ఆఫీసు పెళ్ళి దరఖాస్తు. వరుడు రేనో లాహ్తి. వధువు ఎల్మా పెర్కో. వధువు సంతకం ఉంది, వరుడి గీత ఖాళీగా ఉంది.

ఎల్మా ఆ మంచు బండి నడిపే మనిషే! భర్త పోయి మూడేళ్ళు. నెలరోజులుగా ప్రతి శనివారం రొట్టె పట్టుకుని వస్తోంది. కైసాకి లెక్కంతా ఒక్కసారిగా తేలింది. సరస్సు ఒడ్డున తాత కట్టిన ఈ సానా, ఈ స్థలం. ఒంట్లో బాగాలేని ముసలాయన. పొద్దున్నే నున్నగా ఉండే వాకిలి.

సాయంత్రం ఎల్మా బూట్లు విప్పకముందే కైసా ఆ కాగితం బల్ల మీద పెట్టింది.

"మా ఇంటి ముందుకి రాగానే మంచు తోసే పలక పైకెత్తుతున్నది మీరేగా ఎల్మా గారూ?"

"నేనే. మా ఆఫీసరుకి చెప్తావా?"

"ముందు నాకు చెప్పండి. మీ కన్ను స్థలం మీదా, సానా మీదా?"

"కైసా!" పక్క గదిలోంచి గోడ పట్టుకుని వచ్చాడు రేనో.

"ఆగు రేనో, అడగనీ. అడగకపోతే అది నీ కూతురెలా అవుతుంది?" ఎల్మా తాపీగా కూర్చుంది. "పిల్లా, సానా నాకూ ఉంది. మీదానికన్నా బాగా కాగుతుంది."

"ఆ మాట మాత్రం అబద్ధం," అన్నాడు రేనో.

ఎవరూ నవ్వలేదు. ఎల్మా చేతి తొడుగులు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నాలుగేళ్ళ కింద మా కౌంటీ ఇన్సూరెన్సు వాళ్ళూ ఈ ఆసుపత్రితో ఇలాగే పోట్లాడారు. మా ఆయన ఫ్రాంక్‌ని వైద్యానికి డులూత్‌కి పొమ్మన్నారు. రెండుసార్లు వెళ్ళాడు. మూడోసారి, రోడ్డు బాగాలేదు, ఈ వారానికి వద్దులే అన్నాడు. తర్వాత వారమూ అదే మాట. రోడ్డు బాగాలేదని నాతో అన్నాడమ్మా. ఆ రోడ్డు తోసేదాన్ని నేను!"

బల్ల మీది కాగితాన్ని వేలితో చూపించింది. "ఈసారి మా వాళ్ళకి ఆసుపత్రితో పేచీ లేదు. పెళ్ళాం కౌంటీలో పనిచేస్తే మొగుడికీ ఊళ్ళోనే వైద్యం. అందుకని నేనే అడిగాను. మీ నాన్న నెల రోజులుగా గడ్డం గీసుకుంటున్నాడు గానీ సంతకం గీకడం లేదు."

కైసా తండ్రి వైపు తిరిగింది. "మరి నా దగ్గర దాచడమెందుకు?"

రేనో కుర్చీలో కూలబడ్డాడు. "దాచలేదు తల్లీ. పొయ్యిలో వేద్దామనే ఆ బుట్టలో పెట్టాను. అమ్మ పోయి రెండేళ్ళేగా, నీకెలా ఉంటుందోనని..."

"మరి డులూత్?"

రేనో కిటికీ వైపు చూశాడు. బయట మంచు మళ్ళీ మొదలైంది. "రోడ్డు..." అని, ఎల్మా ముఖం చూసి ఆగిపోయాడు.

అప్పటికి అర్థమైంది కైసాకి. తను కాపలా కాసింది సరస్సు ఒడ్డు స్థలానికి. పక్క గదిలో నాన్న ఒక్కడే నిశ్శబ్దంగా వెళ్ళిపోవడానికి సిద్ధపడుతుంటే, అది మాత్రం కనిపెట్టలేదు. కళ్ళు తుడుచుకుని, ఫ్రిజ్ మీది పెన్ను తెచ్చి కాగితం పక్కన పెట్టింది.

"సంతకం పెట్టు నాన్నా. సాక్షి నేనే."

సోమవారం కౌంటీ ఆఫీసులో పది నిమిషాల్లో పెళ్ళి అయిపోయింది. ఎల్మా మంచు బండిలోనే వచ్చింది, బండిలోనే డ్యూటీకి పోయింది, సాయంత్రానికి పెట్టెతో ఈ ఇంటికి వచ్చేసింది.

డిసెంబరు ముప్పై ఒకటిన మళ్ళీ ఒకేసారి రెండు ఉత్తరాలు. బేరం కుదిరిందట, ఎవరి వైద్యమూ ఆగదట, ఇద్దరికీ మహదానందంగా ఉందట. రేనో రెండుసార్లు చదివాడు. "ఎల్మా, ఇప్పుడేం చేద్దాం? విడాకులకి కూడా ఆఫీసులో అదే కౌంటరా?"

"వచ్చే ఏడు మళ్ళీ కొట్టుకుంటారులే. ఉండనీ," అంది ఎల్మా, రొట్టె కోస్తూ. కైసా పైకి నవ్వింది గానీ, ఆ రాత్రి ఎల్మా పెట్టె సర్దుకుంటుందేమోనని అటు ఓ చెవి వేసే పడుకుంది.

తెల్లారి పార పుచ్చుకుని తలుపు తీసింది. తమ వాకిట్లో నడుమెత్తు మంచు గట్టు!

"ఎల్మా పిన్నీ! ఏమిటిది?" అని కేక వేసింది. బండి దిగి కాఫీకి వచ్చిన ఎల్మా గట్టు మీద నుంచి కాలు ఎత్తి దాటింది.

"పొరుగింటికైతే పలక ఎత్తాను. సొంతింటికి ఎత్తితే ఊరు ఊరుకుంటుందా? తవ్వు, తవ్వు!"

కైసా తవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు గడ్డకట్టేంత చలి. అయినా అంత మంచునీ ఆ పిల్ల నవ్వుకుంటూనే తవ్విపోసింది.