దసరాకు వేసిన రంగు

పొద్దున్నే వినోద జొన్నరొట్టెలు కాల్చి పిలిచింది. మామూలుగా అయితే మొదటి రొట్టె పొంగేసరికే వచ్చి పీట మీద కూర్చునే అల్లుడు లింబాద్రి ఆ రోజు రాలేదు. పెరట్లోంచి జాకీ తిప్పుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. ఆమె భర్త భూమేష్ ఏమీ జరగనట్టు రొట్టె తుంచుకుంటూ, కారం బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు.

"అల్లుడు తినలేదా?" అన్నాడు చివరికి.

"రాత్రి గూడ తినలే. నిన్న నువ్వు పెట్టిన తిట్లకే కడుపు నిండినట్టుంది," అంది వినోద, పెనం దించుతూ.

లింబాద్రిది ధర్పల్లి. ఒక్కగానొక్క కూతురు అశ్వినిని కళ్లముందే ఉంచుకోవాలని భూమేష్ పట్టుబట్టి అతణ్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో కూతురికంటే గారాబంగా చూసుకునేది ఒక్కటే ఉంది. భూమేష్ తండ్రి కొన్న పాత ట్రాక్టర్. అమ్మేద్దామన్నవాడితో భూమేష్ ఆ పూటంతా మాట్లాడడు. పోయిన దసరాకు నీలం రంగు డబ్బా తెచ్చి, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా తనే బండి మొత్తానికి పూశాడు. పూసి, వాడకట్టులో అందరినీ పిలిచి చూపించాడు.

ఆ పండగ తర్వాతే వెనక ఇరుసు దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. లోపలి ఆయిల్‌ని బయటికి రాకుండా పట్టి ఉంచే రబ్బరు సీళ్లు పోయాయని లింబాద్రి చక్రాలు విప్పి కొత్తవి వేశాడు. కొన్నాళ్లకు అవీ కారాయి. కారింది కారినట్టే, చక్రాన్ని ఒత్తి ఆపే బ్రేకు లైనర్లకు పట్టింది. నిన్న పసుపు యార్డులో లింబాద్రి ఎంత తొక్కినా బ్రేకు పడక, బండి జారిపోయి అంబదాస్ సేటు పోయించిన పసుపు కుప్పలోకి దూరింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలిందల్లా భూమేష్ నోటి నుంచి లింబాద్రికే.

"మీ నాయిన బండి అయితే గిట్లనే బిగిస్తువా? ఇల్లరికం వచ్చినోనికి మా ఇనుము మీద ఫికర్ ఎందుకుంటది!"

హమాలీలు గంపలు దించి మరీ విన్నారు. సేటు తలకాయ పక్కకు తిప్పుకున్నాడు. లింబాద్రి ఏమన్నాడు? "నా బిగింపుల్నే తప్పున్నది మామా," అన్నాడు. అంతే.

రొట్టె తిన్నానిపించుకుని భూమేష్ పెరట్లోకి నడిచాడు. అప్పటికి లింబాద్రి కొత్త సీళ్ల కోసం బస్టాండు దగ్గరి దుకాణానికి వెళ్లాడు. చక్రం విప్పి గోడకు ఆనించి ఉంది. పనిలో ఏదైనా లోపం దొరుకుతుందేమోనని భూమేష్ చుట్టూ తిరిగాడు. దొరికితే నిన్నటి మాటకు కాస్త బలం వస్తుందని అతని ఆశ. లోపం దొరకలేదుగానీ, ఇరుసు పైభాగాన చిన్న టోపీలాంటి మూత దగ్గర చూపు ఆగింది. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు గాలి బయటికి పోయే దారి అది. దాని రంధ్రం కొత్తగా గీకినట్టు మెరుస్తోంది. కింద నీలం రంగు పెచ్చులు. పక్కనే ఒక పిన్నీసు.

భూమేష్ అలాగే నిలబడిపోయాడు. దసరా ముందురోజు ఆ మూత మీద కుంచె ఎన్నిసార్లు తిప్పాడో అతనికి గుర్తొచ్చింది. మెరవాలని ఇంకాస్త, ఇంకాస్త పూశాడు. రంధ్రం మూసుకుపోయింది. పోయే దారి లేక లోపలి గాలి ఆయిల్‌ని సీళ్లలోంచి తోసేసింది. ఎన్ని కొత్తవి వేస్తే మాత్రం ఆగుతుంది?

"గది నా పిన్నీసే నాయినా." వెనక అశ్విని నిలబడి ఉంది. "నిన్న యార్డు నుంచి రాంగనే అడిగి తీస్కున్నడు."

"మరి నాతోని ఎందుకు చెప్పలే?"

"చెప్తే మామ తలకాయ ఎత్తుకోలేడన్నడు. నాతోని గూడ ఒట్టు వేయించుకున్నడు." అశ్విని వంగి పిన్నీసు తీసుకుంది. "ఆయన ఓర్సుకుంటడు. నాతోని కాదు. బట్టలు సదిరిన. బండి బాగుచేసి ఇచ్చినంక ధర్పల్లి పోదామని నేనే అన్న."

భూమేష్ తల దించుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అల్లుడి పనిలో తప్పు వెతకడానికి వచ్చిన తన కాళ్లను చూసుకుంటే అసహ్యం వేసింది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, వినోదకు అంతా చెప్పాడు.

"పిలగాడు రాంగనే మాఫ్ చెయ్యమని అడుగుత," అన్నాడు.

"అన్నది యార్డుల. అడిగేది వంటింట్లనా?" అంది వినోద.

లింబాద్రి వచ్చి లైనర్లను పెట్రోలుతో కడిగాడు. సీళ్లకు గ్రీజు రాసి, చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టి కూర్చోబెట్టాడు. అడక్కుండానే భూమేష్ చక్రం పట్టాడు, నట్లు బిగించే పానాలు అందించాడు. మామ ఇంత నెమ్మదిగా ఉండటం చూసి లింబాద్రికే కంగారు పుట్టింది. చివరి నట్టు బిగించగానే భూమేష్ అన్నాడు, "బండి తియ్యి. యార్డుకు పోదాం."

"లోడు లేదు గద మామా?"

"పనున్నది. తియ్యి."

యార్డులో కాంటాలు నడుస్తున్నాయి. అంబదాస్ సేటు దుకాణం ముందు భూమేష్ మడ్‌గార్డు మీది నుంచి దిగి, తలరుమాలు తీసి చేత పట్టుకున్నాడు. చుట్టూ నిన్నటి హమాలీలే.

"సేటూ, జర అందరు ఇనుండ్రి. నిన్న గీ జాగల నా అల్లుని నానా మాటలన్న. తప్పు గీ పిలగానిది కాదు. సోకుకు రంగేసి గాలి పోయే తొవ్వ మూసింది నేనే. గది ఎరుకైనంక గూడ, నా ఇజ్జత్ పోతదని తప్పు తన మీదనే ఉంచుకున్నడు." అల్లుడి వైపు తిరిగి చేతులు జోడించబోయాడు. "నన్ను..."

లింబాద్రి ఒక్క దూకున వచ్చి ఆ చేతులు పట్టేసుకున్నాడు. "వద్దు మామా! ఊకోండ్రి. ఇంటికి పోదాం పాండ్రి."

"ఏ ఇంటికి?" అన్నాడు భూమేష్, భయంగా.

"మనింటికే. ఆకలైతుంది నాకు."

దారి పొడవునా మడ్‌గార్డు మీద కూర్చున్న భూమేష్‌కు దుఃఖం ఆగడం లేదు. గేటు ముందు బ్రేకు గట్టిగా పట్టింది. లోపలి నుంచి అశ్విని, వినోద పరుగున వచ్చారు. ఇంజను ఆగినా లింబాద్రి వెంటనే దిగలేదు. మామ రుమాలుతో మొహం తుడుచుకునేదాకా వెనక్కి తిరక్కుండా, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.