ఆగని షిగురె

హమానా సరస్సులోంచి క్రేన్ పైకి లాగిన కారులో మనిషి సీటు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. నల్ల షిగురె, ఐదో తరం మోడల్. తలుపు సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే ఒడ్డున ఉన్న పోలీసులు టోపీలు తీశారు. రోడ్డుకి అవతల ఈల్ చేపల హోటల్ కిటికీ దగ్గర కూర్చున్న ఇనాబా సొయిచి మాత్రం కదలలేదు. చచ్చిపోయిన కజివారా తన సహోద్యోగి అని ఈ ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు.

వెనక టేబుల్ దగ్గర అతనికి వీపు పెట్టి కూర్చున్న ముసలాయన పేపర్ తిప్పాడు. టోక్యో నుంచి వచ్చిన చీఫ్ ఒగాతా.

"రేపు పేపర్లో యాక్సిడెంట్ అని వస్తుంది" అన్నాడు ఒగాతా, పేపర్లోకే చూస్తూ.

"ఏమైనా చెప్పి పోయాడా?"

"ఒకటే మెసేజ్. ఆరింట్లో ఒకటి ఆగదు."

ఇనాబాకి అర్థమైంది. మినోవ మోటార్స్ యాభై ఏళ్ళుగా చేస్తున్న షిగురె సెడాన్ ఇక ఆగిపోతోంది. ఆదివారం ఆఖరి కారు ఫ్యాక్టరీ దాటుతుంది. ఆ సందర్భంగా టెస్ట్ ట్రాక్ మీద ఆరు తరాల షిగురెలు ఒక్కో రౌండు తిరుగుతాయి. ప్రతి కారులోనూ దాన్ని పుట్టించిన ఇంజనీర్ సెగావా రియోకిచి కూర్చుంటాడు. అందులో ఒక కారు ఆగకుండా వెళ్ళిపోతుందన్నమాట, ఆయనతో సహా.

"ఎనభై ఏళ్ళ ముసలాయన్ని ఏం చేసుకుంటారు?"

"మూడో తరం బండిలో ఆయన ఇంజన్ అదురు బాడీకి తగలకుండా చేశాడు. తర్వాత మన నేవీ ఆయన్నే పిలిచి జలాంతర్గాములకి అదే పని చేయించింది. సముద్రంలో మనవాళ్ళు ఎక్కడున్నారో ఇప్పటికీ ఎవరికీ వినపడదు. ఎలా వినపడదో ఆయన్నడిగి తెలుసుకోవాలని నల్లకొంగకి ఆశ."

నల్లకొంగ అనేది ఒక విదేశీ గూఢచారి ముఠాకి ఇనాబా వాళ్ళ నిఘా ఆఫీసు పెట్టుకున్న పేరు. ఎవరి ముఖమూ ఇంతవరకు బయటపడలేదు.

"ఆదివారం కార్యక్రమం ఆపేస్తే సరి."

"ఆపితే ఇంకోచోట ఎత్తుకుపోతారు. రానీ." ఒగాతా లేస్తూ టేబుల్ మీద ఒక సిగరెట్ లైటర్ వదిలాడు. "నొక్కితే ముప్ఫై మీటర్లలో కంప్యూటర్ ఉన్న ఏ కారైనా చచ్చినట్టు ఆగుతుంది. ఇంకో మాట. మనకి కబుర్లు చేరవేసే కురెహాని నమ్మకు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. ఏ పడవ మనదో ఆవిడకే తెలియాలి."

హోటల్ వాడు వేడివేడి అన్నం మీద కాల్చిన ఈల్ తెచ్చిపెట్టాడు. ఇనాబా సగం తిని లేచాడు.

నాలుగేళ్ళుగా అతను ఇక్కడ మురోయ్. ఇన్సూరెన్స్ ఏజెంటు. మూతపడ్డ లాండ్రీ మీద ఒంటిగది. రెండో తరం షిగురె ఒకటి ఆఫీసు కొనిచ్చింది, షిగురె యజమానుల క్లబ్బులో చేరడానికి. నెలకోసారి అందరూ బానెట్లు ఎత్తుకుని ముచ్చట్లాడుకుంటారు. మిగతా రోజుల్లో అతనితో మాట్లాడేది మూలమీది కొట్లో పిల్ల మాత్రమే, "అన్నం డబ్బా వేడి చేసివ్వమంటారా?" అని. చలికాలంలో క్లబ్ ప్రెసిడెంట్ ఇషిగురో సంచినిండా కమలాలు తెచ్చి గుమ్మంలో నిలబడేవాడు. చేపల వడల వ్యాపారం ఆయనది, గొంతు పెద్దది. "ఒరే మురోయ్, ఇది గదా గుహా? ఎలుగుబంటైనా పెళ్ళాన్ని వెతుక్కుంటుంది కదరా" అని తిట్టి, హీటర్ ముందు కూర్చుని కమలాలు ఒలిచి సగం తనే తినేవాడు.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా తుంపర. షిగురె అంటేనే శరదృతువు చివర్లో వచ్చిపోయే జల్లు.

సెగావా చేతికర్ర పట్టుకుని ట్రాక్ అంచున నిలబడ్డాడు. కొత్తదాని నుంచి పాతదానికి వెనక్కి నడుస్తానన్నాడు. కారు దిగినప్పుడల్లా మైకు అడగకుండానే మాట్లాడాడు. క్లబ్ వాళ్ళు గొడుగుల కింద చుట్టూ చేరారు.

తెల్లటి ఆరో తరం దిగి, "దీనికి వంక పెట్టలేం. సగం బ్యాటరీ, సగం పెట్రోలు. కానీ జనం ఎత్తు బళ్ళకి అలవాటు పడ్డారు. వంక లేని పిల్లకే సంబంధం కుదర్లేదు" అన్నాడు.

ఐదో తరం దిగి, "దీన్ని వేరే పేరు పెట్టి పరదేశం పంపాం. అక్కడ బాగా బతికింది. ఇక్కడికి ఉత్తరం ముక్క రాలేదు" అన్నాడు.

నాలుగో తరం కురెహాది. ముదురు ఎరుపు, రెండు టర్బోలు. ఆ తలుపు తెరుచుకుంటే కెమెరాలన్నీ కారుని వదిలి ఆమె మీదికి తిరిగాయి. "భూముల ధరలు చుక్కలంటిన కాలం. నక్కతోక తొక్కిన ప్రతివాడూ ఇది కొన్నాడు" అన్నాడు సెగావా. "ఆ ధరల బుడగ పేలాక తాళాలు లోపలే వదిలేసి వెళ్ళిపోయారు. పార్కింగుల్లో ఆకులు రాలి ఉండేవి వాటి మీద."

మూడో తరం దగ్గర ఇంజన్ నడుస్తుండగానే బానెట్ మీద నిండు టీ కప్పు పెట్టాడు. అది తొణకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ నాలుగు రౌండ్లలోనూ ఇనాబా వేలు లైటర్ మీదే ఉంది. నాలుగు కార్లూ బుద్ధిగా తిరిగొచ్చి ఆగాయి.

ఐదో రౌండు అతనిదే. సెగావా పక్కన కూర్చుని డాష్‌బోర్డు మీద చెయ్యి వేశాడు. "దీన్నెందుకు కొన్నావు బాబూ? పొగ మీద చట్టం వచ్చిన ఏడు పుట్టింది. గొంతు నులిమి రోడ్డు మీదికి పంపాం. మొదటి తరం కన్నా నెమ్మది."

"ఎవరూ కోరుకోరు కదా అని."

ముసలాయన అతని వైపు చూశాడు. "ఒంటరివాడివా?"

ఇనాబా గేరు మార్చాడు.

"నేను ముప్ఫై ఏళ్ళు నిశ్శబ్దం కోసం చచ్చీచెడీ పనిచేశాను" అన్నాడు సెగావా. "మా ఆవిడ పోయాక ఇంటినిండా అదే."

రౌండు అయింది. ఇషిగురో ముదురాకుపచ్చ మొదటి తరం తలుపు తెరిచి, "రండి గురువుగారూ, మన పెద్దకూతురు ఎదురుచూస్తోంది" అని చెయ్యందించాడు. కారు కదిలింది. ఇనాబా తేలిగ్గా ఊపిరి వదిలాడు. జనంలో తిరుగుతున్న పోలీసులని చూసి నల్లకొంగ భయపడి ఉంటుంది.

పక్కన ఎర్ర గొడుగు ఆగింది. "తుంపర పట్టేట్టుందా?" అంది కురెహా. అది కోడ్.

"తెరిపిస్తుంది." అదీ కోడే.

"ఇంకా నిలబడ్డావేం? మిగిలింది ఒకటే కదా."

"అది ఇషిగురోది."

"నీ లైటర్ గురించి వాళ్ళకి తెలుసు. నేనే చెప్పాను. చెప్పకపోతే కజివారా పక్కన నేనూ ఉండేదాన్ని. అందుకే కంప్యూటర్ లేని బండి కావాలన్నారు. అలాంటివి ఇక్కడ రెండే. ఒకటి నీది. రెండో బండిలో ఉన్న వాళ్ళ మనిషి పేరు ఇప్పుడే చెవిన పడింది, పరుగెత్తుకొచ్చాను."

ఇనాబా ట్రాక్ వైపు చూశాడు. ఆకుపచ్చ కారు ఆఖరి మలుపులో నెమ్మదించలేదు. తిన్నగా వెనక గేటు వైపు పోతోంది. గేటు బార్లా తెరిచి ఉంది. కాపలావాడు కుర్చీలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

అతను కారులోకి దూకాడు. లైటర్ సీటు మీద పడేశాడు, ఇక దానితో పనిలేదు. కాలు అడుగంటా తొక్కినా రెండో తరం ఆయాసపడుతూనే కదిలింది. తేయాకు తోటల మధ్య రోడ్డు మీద ఆకుపచ్చ కారు క్షణక్షణానికీ చిన్నదవుతోంది. దిగువన సరస్సు, కర్రల రేవు, ఇంజన్ ఆన్ చేసి ఉన్న తెల్ల పడవ. కారు రేవెక్కిందంటే అంతే.

ఆ ముందు కారులో ఇషిగురో మాట్లాడ్డం మానేశాడు. అంత పెద్ద గొంతు మూగబోవడంతోనే సెగావాకి విషయం బోధపడింది. దిగమని గానీ వదలమని గానీ ఆయన అడగలేదు. డాష్‌బోర్డు కింద చల్లటి పొద్దుల్లో ఇంజన్ స్టార్ట్ చేయడానికి వాడే చోక్ పిడి ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా బయటికి లాగి, లాగి పట్టుకున్నాడు. వేడెక్కిన ఇంజన్‌కి గాలి అందలేదు, పెట్రోలు గొంతుదాకా నిండింది. కారు రెండుసార్లు దగ్గింది. నల్లటి పొగ కక్కింది. ముందు చక్రాలు రేవు చెక్కల మీదికి ఎక్కాక ఆగిపోయింది.

పడవలోని ఇద్దరూ ఒక్క క్షణం చూసి తాడు కోసేసుకున్నారు. సరస్సు సముద్రంలో కలిసే వైపు తిరిగేసరికి ఎదురుగా తీరరక్షకదళం బోటు అడ్డం నిలబడి ఉంది. ఒగాతా పొద్దుటి నుంచీ అందులోనే ఉన్నాడు.

ఇనాబా కారు దిగి నడిచాడు. ఇషిగురో పిస్తోలు చేత్తో పట్టుకుని బయటే నిలబడ్డాడు. దాన్ని ఎత్తలేదు.

"కజివారాని నువ్వేనా?"

"తలుపు మూసింది నేను కాదు. చూస్తూ నిలబడ్డాను."

"నా సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి చలికాలం నుంచి. కమలాలు తెచ్చింది నీ గది చూద్దామనే."

"రెండోసారి?"

ఇషిగురో సరస్సు వైపు చూశాడు. తుంపర ఆయన కళ్ళద్దాల మీద చుక్కలుగా నిలబడింది.

"రెండోసారి ఊరికే వచ్చాన్రా" అని పిస్తోలు బానెట్ మీద పెట్టేశాడు.

వెనకే వచ్చిన పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళారు. రేపటికల్లా మురోయ్ అనేవాడు ఊళ్ళో ఉండడు. లాండ్రీ మీద గది ఖాళీ అవుతుంది. క్లబ్బులో కొన్నాళ్ళు అడుగుతారు, తర్వాత మరిచిపోతారు. కురెహా కూడా పోలీసు కారెక్కింది. ఎవరి మనిషిగా ఎక్కిందో ఒగాతా చెప్పలేదు.

సెగావాని ఇంటికి దింపే పని ఇనాబాకే పడింది. తేయాకు తోటల ఎత్తు మీదికి రెండో తరం కారు అరుస్తూ ఎక్కుతోంది.

"నా కోసం ఈ బండేసుకుని పరుగెత్తుకొచ్చావు. ఇంతకీ నీ పేరేంటి బాబూ?" అన్నాడు ముసలాయన.

ఇనాబా అద్దంలో వెనక రోడ్డు చూసుకున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి, రూల్సన్నీ పక్కనపెట్టి, తన అసలు పేరు చెప్పాడు.

సెగావా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "ఈ బండిలో ఒక్క ముక్క వినపడదు. చెప్పాలనుకుంటే మూడో తరం కొనుక్కుని రావాల్సింది."