పాటకీ పాటకీ మధ్య

మా బ్యాండులో నలుగురం. నలుగురికీ వేరే ఉద్యోగాలున్నాయి. నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను, సెలవు రోజుల్లో కీబోర్డు వాయిస్తాను. డ్రమ్స్ మా చెల్లెలి మొగుడివి, అంటే నా మరిదివి. టైర్ల షాపులో పని అతనికి. గిటారు లెక్కల మాస్టారిది. ట్యూషన్లు చెప్పగా మిగిలిన ఓపికంతా ఆయన ఆ తీగల మీదే ఖర్చు పెడతారు. ఇక పాడేవాడిని మేం సింగరు అనే పిలుస్తాం. బండ్లకు లోన్లు ఇప్పించే ఆఫీసులో ఉంటాడు. తన గొంతు మీద ఎంత నమ్మకమో, మా చేతుల మీద అంత అపనమ్మకం.

ఆ శనివారం పొద్దున వ్యాన్లో సామాను ఎక్కిస్తున్నప్పుడే గొడవ మొదలైంది. స్పీకర్లు అడుగున ఉండాలి, డ్రమ్ముల పెట్టెలు వాటి పక్కన, నా కీబోర్డు అన్నిటికన్నా పైన. ఎన్నిసార్లు సర్దినా ఇదే వరస. సింగరు మాత్రం ఒక పక్కన నిలబడి, ఇస్త్రీ చొక్కా హ్యాంగరుతో సహా పట్టుకుని, జాగ్రత్త జాగ్రత్త అంటూ ఉంటాడు. బరువులెత్తితే గొంతు పట్టేస్తుందట.

"గొంతుతో ఎత్తమనలేదు, చేతులతోనే ఎత్తు," అన్నాడు మరిది.

సింగరు మొహం మాడిపోయింది. దారి పొడుగునా కక్ష తీర్చుకున్నాడు. మరిది ప్రతి పాటనీ పరిగెత్తిస్తాడనీ, వెనకాల కుక్క తరుముతున్నట్టు వాయిస్తాడనీ, ఇంకో డ్రమ్మరుని చూసుకుంటే తప్ప ఈ బ్యాండు బాగుపడదనీ అన్నాడు. మరిది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వ్యాను నడిపాడు. బయల్దేరే ముందు మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, ఈసారి కూడా ఆలస్యంగా వస్తే డ్రమ్ములన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని నాతో చెప్పి పంపింది. చీకటి పడేలోపు మనిషిని ఇంటికి తెచ్చే పూచీ నాది.

ప్రోగ్రాం మ్యాట్నీ వేళకి. హాలు తాలూకు మనిషి ఎవరో సింగరుకి ఫోన్ చేసి మాట్లాడుకున్నాడు. వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళనీ, మెలొడీలు చాలనీ చెప్పాడట. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండకూడదని మాత్రం ఒకటికి రెండుసార్లు అన్నాడట. సింగరు అది చెవికెక్కించుకోలేదు. పాటల మధ్య మైకు పట్టుకుని కబుర్లు చెప్పడం అతనికి పాడటం కన్నా ఇష్టం.

అది మూతపడ్డ సినిమా హాలు. తెర తీసేసి స్టేజీ కట్టారు. వాచ్‌మన్ వెనక తలుపు తీసి, స్విచ్చులెక్కడున్నాయో బయట నుంచే వేలితో చూపించాడు. లోపలికి రమ్మంటే వినబడనట్టు వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాడు.

లోపల తడి గుడ్డల వాసన. సీట్లలోని కొబ్బరిపీచు కుళ్ళిన వాసన. దాని కింద ఇంకేదో... ఎక్కువసేపు మూసి ఉంచిన నోటిలాంటి వాసన. మైకు పరీక్ష చేస్తుంటే మాస్టారు ఆగిపోయి, చిటిక వేసి విన్నారు. అంత పెద్ద ఖాళీ హాలు కదా, శబ్దం గోడకి తగిలి తిరిగి రావాలి. రాలేదు. మళ్ళీ వేశారు. చిటిక ఆయన వేళ్ళ దగ్గరే చచ్చిపోయింది. సీట్ల మెత్తదనం వల్ల కాబోలు అనుకుంటూ గిటారు శ్రుతి చేసుకున్నారు.

కర్టెన్ వేసి సిద్ధమవుతుంటే, అవతల జనం వస్తున్న చప్పుడు కోసం నేను చెవి ఒగ్గాను. చెప్పుల చప్పుడు లేదు. దగ్గు లేదు. ఎవరూ రాలేదు, మన బతుకింతే అని మరిది నవ్వాడు. సింగరు కళ్ళెర్రజేసి కర్టెన్ తాడు లాగాడు.

లైట్లు మా కళ్ళలోకి కొడుతున్నాయి. ఆ వెలుగు అవతల, హాలు చివర, వెనక వరసలు నిండుగా ఉన్నాయి. ముందు సీట్లన్నీ ఖాళీ. పెద్దవాళ్ళు కదా, స్పీకర్ల మోత పడక వెనక కూర్చున్నారనుకున్నాను.

మొదటి పాట బాగానే వచ్చింది. అయిపోయింది. చప్పట్లు లేవు. సింగరు గొంతు సవరించుకుని ఏదో జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు. రెండో పాటలో నేను కీబోర్డు మెట్ల మీద వేళ్ళు చూసుకుంటూ వాయించి, చివర్లో తలెత్తాను. వాళ్ళు హాలు మధ్యలో ఉన్నారు.

ఆ సీట్లు మడతపడే రకం. మనిషి లేస్తే చెక్క టపామని కొట్టుకోవాలి. అంతమంది లేచి, నడిచి, మళ్ళీ కూర్చుంటే ఒక్క చెక్కా మోగలేదా? పాట మోతలో కలిసిపోయిందేమో అని సర్దుకున్నాను. సింగరు మళ్ళీ కబుర్లందుకున్నాడు. చప్పట్లకి కూడా టిక్కెట్టు పెట్టారా ఏంటి, అని వెటకారంగా అన్నాడు. ఆగి, వాళ్ళ జవాబు కోసం చూశాడు. మేమూ ఊరుకున్నాం. హాలంతా నిశ్శబ్దం.

ఈసారి నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. వాళ్ళు లేవలేదు. నడవలేదు. ఉన్నట్టుండి ఇంకా దగ్గర్లో ఉన్నారు... అంతే. మధ్యలో ఏం జరిగిందో నా కళ్ళకి అందలేదు.

ఇప్పుడు లైటు అంచు వాళ్ళ మీద పడుతోంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అందరూ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి మొహమూ మావైపు లేదు. తలలన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. మాకు కనిపిస్తున్నవి చెవులు. వరసలు వరసలుగా... చెవులు.

మాస్టారు నా పక్కకి జరిగారు.

"అమ్మాయ్, ఆపొద్దు," అన్నారు పెదవులు కదపకుండా. "ఏదో ఒకటి వాయిస్తూ ఉండు. మనం ఆపినప్పుడే వస్తున్నారు."

మరిది కూడా చూసినట్టున్నాడు. సింగరు ఇంకో మాట అనేలోపే కర్రలు కొట్టి మూడో పాట ఎత్తుకున్నాడు. అది అయ్యేలోపే నాలుగోది. పాట చివర్లో కూడా చేతులు ఆపకుండా, నడక మార్చి తరవాతి పాటలోకి లాక్కెళ్ళిపోయాడు. సింగరు కోపంగా వెనక్కి తిరిగి, ఏదో తిట్టబోయి, మా మొహాలు చూసి మళ్ళీ జనం వైపు చూశాడు. ఆ తరవాత అతను కబుర్లు చెప్పలేదు.

వచ్చిన పాటలన్నీ వాయించాం. వాయించినవే మళ్ళీ వాయించాం. సింగరు గొంతు బొంగురుపోయింది. మాటలు మరిచిపోయి ఉత్తి రాగం తీస్తున్నాడు. వాళ్ళు కదల్లేదు. కానీ నేను ఒక్క స్వరం తప్పి, ఆ తప్పు దగ్గర క్షణం తడబడితే చాలు... ముందు వరసలో ఒక సీటు నిండేది.

అప్పుడు కరెంటు పోయింది.

కీబోర్డు నా వేళ్ళ కింద చెక్క ముక్కయిపోయింది. గిటారు మూగబోయింది. మైకు పోయింది. చిమ్మచీకటి. ఆ చీకట్లో డ్రమ్ములు మాత్రం ఆగలేదు. మరిది వాయిస్తూనే ఉన్నాడు. వాటికి కరెంటుతో పని లేదు కదా.

సింగరు పరిగెత్తిన చప్పుడు వినిపించింది. స్టాండు ఒకటి దబ్బున పడింది. మాస్టారు నా చెయ్యి పట్టుకుని లాగారు. నేను విదిలించుకున్నాను. దాంతో ఆయన గోడ తడుముకుంటూ వెళ్ళిపోయారు. వెనక తలుపు ఎటో నాకు గుర్తుంది. స్టేజీ పక్క సందు, నాలుగైదు మెట్లు, తలుపు. నేను డ్రమ్ముల వైపు పాకాను.

"నువ్వు వెళ్ళు వదినా," అన్నాడు మరిది. ఊపిరాడటం లేదు అతనికి. "నేను ఆపితే ఎవరూ బయటపడలేరు."

"నిన్ను వదిలేసి వెళ్ళి దానికి ఏం చెప్పను?"

స్నేర్ అని ఒక డ్రమ్ము ఉంటుంది. డ్రమ్మరు రెండు మోకాళ్ళ మధ్య, స్టాండు మీద కూర్చుని ఉంటుంది. చీకట్లో తడిమి దాన్ని స్టాండు నుంచి ఊడబీకాను. పొట్టకి ఆనించి పట్టుకున్నాను. వాయిస్తూ నడవమన్నాను. అతను లేచాడు. నేను వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాను, అతను నా పొట్ట మీదున్న డ్రమ్ముని కొడుతూ నా వెంట వస్తున్నాడు. ప్రతి దెబ్బా నా పక్కటెముకల్లో దిగుతోంది. ఒక కర్ర గురి తప్పి నా మణికట్టు మీద పడింది. అరవలేదు నేను. అరిస్తే అతను ఆగుతాడు.

సందులోకి వచ్చాం. మెట్లు దిగాం. వీపుకి తలుపు తగిలింది. తోశాను. రాలేదు.

తలుపు కింద నుంచి ఎండ గీతలా పడుతోంది. ఆ గీతలో చెప్పుల నీడ. అవతల ఎవరో తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. భుజంతో గుద్దాను. తియ్యమని అరిచాను.

"ఎవరు మీరు?" సింగరు గొంతు. "మీరు మావాళ్ళు కాదు. మా డ్రమ్మరు ఇంకా స్టేజీ మీదే ఉన్నాడు. నాకు వినబడుతోంది."

అప్పుడు విన్నాను.

మరిది చేతిలో కర్రలు ఆగిపోయాయి. అతనూ వింటున్నాడు. మా వెనక... స్టేజీ మీద... డ్రమ్ములు మోగుతున్నాయి. తాళాలు, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, అన్నీ. ఆ పెద్ద డ్రమ్ము దెబ్బ నేల లోంచి నా అరికాళ్ళకి తెలుస్తోంది. అదే పాట. ఎవరో తీరిగ్గా... తప్పు లేకుండా... వాయిస్తున్నారు.

తరవాత అదీ ఆగింది.

ఏ చప్పుడూ లేదు. మరిది నా భుజం పట్టుకున్నాడు. గాలి కదల్లేదు. అడుగుల సవ్వడి లేదు. ఆ నోటి వాసన మాత్రం దగ్గరైంది. బాగా దగ్గరైంది. నా పెదవులకి ఏదో తగిలింది. చల్లగా, మెత్తగా, మడతలు మడతలుగా... ఒక చెవి. వినడానికి నా నోటికి ఆనించుకున్నారెవరో. నేను ఊపిరి బిగబట్టాను. అది ఇంకొంచెం గట్టిగా ఒత్తుకుంది.

బయట పెనుగులాట వినిపించింది. మాస్టారు సింగరుని పక్కకి ఈడ్చేశారట. తలుపు తెరుచుకుంది. మేమిద్దరం డ్రమ్ముతో సహా ఎండలో పడ్డాం. తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. మాస్టారే కళ్ళు మూసుకుని తలుపు నెట్టి గొళ్ళెం పెట్టారు.

బయట మామూలు మధ్యాహ్నం. రోడ్డు మీద స్కూటర్లు పోతున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, కుర్చీ ఉంది. మరిది లేచి సింగరు చెంప పగలగొట్టాడు. సింగరు తిరిగి కొట్టలేదు. ఒంటి మీది ఇస్త్రీ చొక్కా దుమ్ము కొట్టుకుపోయి ఉంది. బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత అతన్ని మేం చూడలేదు, చూడాలనీ లేదు. సామాను కోసం లోపలికి వెళ్దామన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ ఒక్క డ్రమ్ముతో ఖాళీ వ్యాన్లో ఇంటికొచ్చాం. మరిది దారంతా స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. నేను ఆపమనలేదు.

చీకటి పడకముందే చెల్లెలింటికి చేరాం. మరిది తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. నా మణికట్టు మీద వాపు చూసి చెల్లెలు ఐసు తెచ్చి పెట్టింది. డ్రమ్ములేవని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మొహం తేటగా ఉంది.

"ఈసారి పెద్ద హాలే దొరికిందిగా అక్కా," అంది. "ఇందాక ఆ హాలు నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. ఈయన ఫోన్ నుంచే."

అతని ఫోన్ కర్రల సంచిలో ఉంది. ఆ సంచి స్టేజీ మీద, డ్రమ్ముకి వేలాడుతోంది. అది చెల్లెలికి చెప్పలేదు. ఏమందని అడిగాను.

చాలా మర్యాదగా మాట్లాడిందట. మీవాళ్ళ సామాను ఇక్కడే ఉండిపోయింది, మేమే తెచ్చి ఇస్తాం, ఇంటికి దారి చెప్పమందట. చెల్లెలు వీధి మలుపుతో సహా చెప్పిందట. ఇంట్లో ఎవరెవరుంటారని కూడా అడిగిందట.

"మేమిద్దరం, మా అత్తయ్య అని చెప్పాను. మీ అత్తయ్యకి వినబడదుగా, ఆవిడ వద్దులే, అంది." చెల్లెలు ఐసు గడ్డని గుడ్డలో మళ్ళీ చుడుతూ, ముందు గదిలో నిద్రపోతున్న అత్తగారి వైపు చూసింది. గొంతు తగ్గించింది, తగ్గించాల్సిన పని లేకపోయినా.

"మా అత్తయ్యకి చెవుడని ఆవిడకెలా తెలుసక్కా?"