కుట్టులో వదిలిన గుడ్డ

"ఇది నా అంగీ కాదండీ. ఎవరిదో పొరపాటున ఇచ్చారు."

షాపు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి మరీ చూపించాడతను. చర్చి పాటల బృందం వేసుకునే తెల్లటి అంగీ అతని భుజాల మీంచి జారి, తలుపు మీద ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. అందులో ఇంకో మనిషిని కూడా సర్దేయొచ్చు.

చిన్న మాస్టారు కొలతల పుస్తకం తీసింది. ఆ అమ్మాయి అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. తండ్రి కటింగ్ మాస్టారు, ఆయన పక్కనే ఇంకో మెషీను మీద కూర్చుంటుంది గనక ఈవిడ చిన్న మాస్టారు. పేజీ తిప్పి, వేలు పెట్టి మరీ చదివింది.

"సర్వేయరు గారు. ఛాతీ నలభై. మీరు సర్వేయరే కదా?"

"సర్వేయరునే."

"అయితే ఇది మీ అంగీయే. నా పుస్తకం అబద్ధం చెప్పదు."

"చెప్పదు లెండి. ఆ కొలత తీసి రెండేళ్ళయింది. మధ్యలో ఎనిమిది నెలలు ఆస్పత్రిలో ఉన్నాను."

చిన్న మాస్టారు నాలుక్కరుచుకుంది. ఇదంతా మేనత్త నిర్వాకం. అవతలి పేటలోని చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆవిడే. మందిరానికి కొత్త పైకప్పు వేస్తున్నారని, తలుపులు తెరిచే ఆదివారానికి పన్నెండు అంగీలు కావాలని పురమాయించి, "కొలతలన్నీ నీ పుస్తకంలో ఉన్నాయిగా!" అంటూ గాలిలా వెళ్ళిపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో బృందంలో ఒక మనిషి సగమైపోయాడన్న మాట మాత్రం చెప్పలేదు.

"అసలు నేను వచ్చిందే ఇది వద్దని చెప్పడానికి," అన్నాడతను. "పాడటం మానేశాను. దేవుడికీ నాకూ మాటల్లేవు."

పక్కింటివాళ్ళతో గొడవయిందన్నంత మామూలుగా అన్నాడు. నాన్న చెవి మీది సుద్ద తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు మాటలు మానేసింది ఎవరు బాబూ?"

"ఆయనే." అంగీ చేతులు మడుచుకున్నాడు. "నా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడండీ. రోజూ తనకోసం, నాకోసం కలిపి ప్రార్థన చేసేవాడు. నేను లేచి ఇంటికొచ్చాను. ఆయన రాలేదు. ఇంకేం పాడమంటారు?"

ఓదార్పు మాటలు చెప్పడం చిన్న మాస్టారుకి ఎప్పుడూ చేతకాదు. చేతనైంది ఒకటే గనక గుండుసూదుల డబ్బా తీసుకుని అతని దగ్గరికి వెళ్ళింది.

"కదలకండి. కదిలితే గుచ్చుకుంటుంది."

టేపు చుట్టి చూసింది. ముప్పై నాలుగు. రెండు పక్కలా మూడేసి అంగుళాలు లోపలికి మడిచి సూదులు గుచ్చింది.

"ఆ మిగిలింది కత్తిరించేయండి," అన్నాడు.

"కత్తిరించను."

"నా అంగీ కదండీ!"

"ఇందాక కాదన్నారుగా?"

ఆమె సూదులు గుచ్చుతూనే చెప్పింది. "లోపల మడిచి కుడతాను. నెలకోసారి రండి. మీరు నిండిన కొద్దీ విప్పుతాను."

"నిండకపోతే?"

"పక్కల్లో గుడ్డ కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఓర్చుకోండి."

"నేను పాడనని చెప్పాను."

"పాడమని ఎవరన్నారు? కొలతకి రమ్మంటున్నాను."

అతను వెళ్ళాక నాన్న కళ్ళజోడు మీంచి కూతుర్ని చూశాడు. "మామూలుగా అయితే ఒక అంగుళం వదులుతావు."

"అతనికి ఎక్కువ కావాలి నాన్నా," అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

*

నెల తిరక్కుండానే అతను మూడుసార్లు వచ్చాడు. ఒకసారి గుండీ ఊడిందన్నాడు. ఇంకోసారి జేబు చిరిగిందన్నాడు. మూడోసారి ఏమీ దొరక్క, ఇటుగా వెళ్తూ వచ్చానన్నాడు.

"ఇటుగా వెళ్ళడానికి దారేది బాబూ? మాది సందు చివరి షాపు," అన్నాడు నాన్న అమాయకంగా.

సర్వేయరు చెవులు ఎర్రబడ్డాయి. ఊరంతా కొలిచి మ్యాపులు గీసే మనిషికి ఈ సందు సంగతి తెలియకపోవడం చిన్న మాస్టారుకి భలే నచ్చింది. తలొంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాపుకుంది.

నెల నిండాక కొలిస్తే ముప్పై అయిదు.

"ఒక అంగుళం!" అంది, పరీక్ష పాసయింది తనే అయినట్టు. వెంటనే కుట్టు విప్పి, ఒక అంగుళం వదిలి మళ్ళీ కుట్టడానికి కూర్చుంది. అతను కిటికీ దగ్గర స్టూలు మీద ఎదురుచూస్తూ, తనకే తెలియకుండా ఏదో రాగం తీయడం మొదలుపెట్టాడు. గొంతు సన్నగా ఉంది, మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. నాన్న మెషీను ఆపేశాడు. చిన్న మాస్టారు పక్కనున్న ఇంకో గుడ్డ కత్తిరిస్తూ అటే వింటోంది.

కత్తెర కర్రుమంది. గుడ్డతోపాటు, దాని కింద ఇరుక్కున్న టేపు కూడా రెండు ముక్కలై కింద పడింది.

"పన్నెండేళ్ళుగా కత్తెర పడుతున్నావు," అన్నాడు నాన్న నెమ్మదిగా. "మొదటిసారి."

"గుడ్డ కింద కనబడలేదు."

"అవునవును. కనబడి ఉండదు."

పాట ఆగిపోయింది. సర్వేయరు ఆమె వైపు చూశాడు. ఆమె ముక్కలు ఏరుకోవడంలో మునిగిపోయినట్టు నటించింది. గోడ మేకుకి నాన్న పాత టేపు ఒకటి ఉంది. ఆయన పని నేర్చుకున్న రోజులనాటిది, పచ్చబడిపోయి, కింది కొసకి షట్టరు తాళాల గుత్తి కట్టి ఉంటుంది. తాళాలు విప్పి దాన్నే మెడలో వేసుకుంది.

*

రెండో నెల కొలతకి వచ్చినరోజు వాన దంచేస్తోంది. గొడుగు ఉన్నా భుజాలు తడిసిపోయి వచ్చాడు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని, కొలతకి నిలబడకుండా, ముందు మాట చెప్పాడు.

"చిన్న మాస్టారూ, ఇవాళ మీ టేపుకే వదిలేశాను. మీ మేనత్తగారు ఆదివారం మొదటి కీర్తన నన్ను ఒంటరిగా పాడమంటున్నారు. పెరిగి ఉంటే ఇటు నుంచి ఇటే వెళ్ళి సరేనంటాను. తగ్గి ఉంటే నా పేరు కొట్టేయమంటాను. ఇంక ఎదురుచూడటం నా వల్ల కాదు."

నవ్వుతూనే చెప్పి, గొడుగు గోడకి ఆనించి చేతులు చాపాడు.

ఆమె టేపు చుట్టింది. ముప్పై నాలుగున్నర. మళ్ళీ చుట్టింది. ముప్పై నాలుగున్నరే. అర అంగుళం తగ్గాడు.

అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అతని తల మీంచి ఒక చుక్క ఆమె మణికట్టు మీద పడింది.

"ముప్పై అయిదున్నర," అంది చిన్న మాస్టారు.

అతను కళ్ళు తెరిచాడు. రెండు నెలల్లో ఆ మొహంలో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. అబద్ధాన్ని పూర్తి చేయాలి గనక అర అంగుళం కుట్టు కూడా విప్పింది. అంగీ వేసుకుని అటూ ఇటూ తిరిగి, "అతికినట్టు సరిపోయిందండీ!" అన్నాడు. తన మనసు నొప్పించకూడదని అంటున్నాడనుకుంది. అతను గొడుగు మర్చిపోయి, వానలోనే అత్త ఇంటి వైపు పరుగెత్తాడు.

ఆ మర్నాటి నుంచి చిన్న మాస్టారుకి ప్రార్థన కుదరలేదు. మోకాళ్ళ మీద కూర్చుని "ప్రభువా, అతన్ని బాగు చెయ్యి" అని మొదలుపెడుతుంది, ముప్పై అయిదున్నర గుర్తొచ్చి నోట మాట ఆగిపోతుంది. అతన్ని నిలబెట్టాలని తను పెట్టిన ఆసరాయే బూటకం. అత్త వచ్చి, "ఎంత బాగా పాడుతున్నాడే! బతికొచ్చిన మనిషి పాడితే అలా ఉంటుంది!" అని మురిసిపోతుంటే తలొంచుకుని మెషీను తొక్కేది. అతనంటే తనకి ఎంత ఇష్టమో కూడా అప్పుడే పూర్తిగా తెలిసింది. ఇష్టం లేని మనిషికి అబద్ధం చెప్పి ఉంటే ఇంత బరువుగా ఉండేది కాదు.

గురువారం మధ్యాహ్నం అతను మర్చిపోయిన గొడుగు తీసుకుని సర్వే ఆఫీసుకి వెళ్ళింది.

చుట్టిన మ్యాపులు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. అతను వాలుబల్ల మీద వంగి, కూనిరాగం తీస్తూ ఎవరిదో స్థలం హద్దు గీస్తున్నాడు. ఆమెని చూడగానే కుర్చీ మీది కాగితాలు తీసి, తువ్వాలుతో దులిపాడు.

ఆమె కూర్చోలేదు. "మీకు అబద్ధం చెప్పానండీ. ఆరోజు టేపులో వచ్చింది ముప్పై నాలుగున్నర."

అతను పెన్నుకి మూత పెట్టాడు. "అంటే తగ్గాను."

"అవును."

"డాక్టరు అబద్ధం చెబుతాడు. మా అమ్మ చెబుతుంది. ఎదురుపడిన ప్రతివాళ్ళూ భలే తేరుకున్నావంటారు." గొంతు పెంచలేదు. "మీరొక్కరే చెప్పరనుకున్నాను. కత్తిరించనని మొహం మీదే అన్నారు గనక."

ఆమె గొడుగు బల్లకి ఆనించి వచ్చేసింది. వీధి చివరిదాకా ఏడుపు ఆపుకోగలిగింది, ఆ తరవాత కుదరలేదు.

*

శనివారం పొద్దున షాపులో పోస్ట్‌మాస్టరు పొట్ట బిగబట్టి నిలబడ్డాడు. కొత్త చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆయన చేస్తున్న పోరాటం చూస్తే జాలేసింది.

"నెలలో ఇది నాలుగో చొక్కా తిరిగి రావడం," అని గొణిగాడు నాన్న. "పేట మొత్తం ఒక్కసారే లావెక్కిందా ఏమిటి?"

అప్పుడే సర్వేయరు లోపలికొచ్చాడు. చేతిలో తోలు డబ్బా, అందులో ఆఫీసు స్టీలు టేపు. ఎవర్నీ చూడకుండా తిన్నగా చిన్న మాస్టారు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సరైన కొలత తీయండి. ఎంతయినా సరే, పైకి చదవండి."

"తగ్గి ఉంటే?" అంది భయంగా.

"తగ్గినా రేపు పాడతాను." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "రెండు రోజులుగా ఆ పక్క మంచం పెద్దాయనే గుర్తొస్తున్నాడు. తను తగ్గిపోతున్నాడని ఆయనకి తెలుసండీ. రోజూ బరువు చూసి రాసేవాళ్ళు. తెలిసీ ప్రార్థన మానలేదు. చివరి రోజు కూడా నాకోసం చేశాడు. ఆయన నమ్మకం కాగితం మీది అంకె చూసి పుట్టింది కాదు. మరి నాదెందుకు టేపు మీద ఆధారపడాలి?"

ఆమె స్టీలు టేపు చుట్టింది.

"అమ్మో, చల్లగా ఉంది!"

"కదలకండి." అంకె చూసింది. రెప్పలార్పి మళ్ళీ చూసింది. "ముప్పై... ముప్పై అయిదున్నర."

"మళ్ళీ మొదలుపెట్టారా?"

"ఒట్టు! మీరే చూసుకోండి!"

అతను తలొంచి చూశాడు. అక్షరాలా ముప్పై అయిదున్నర. నాన్న లేచాడు. కూతురి మెడలోని పచ్చటి టేపు తీసి, కటింగ్ బల్ల మీది చెక్క స్కేలు పక్కన పరిచాడు. టేపు మీద ముప్పై అయిదు ఉన్న చోట స్కేలు ముప్పై ఆరు చూపిస్తోంది.

"సాగిపోయింది!" అన్నాడు సర్వేయరు. "బట్ట టేపులు సాగుతాయనే మా ఆఫీసులో ఎప్పుడో పారేశారు!"

"పదిహేనేళ్ళుగా తాళాల గుత్తి మోస్తోంది. సాగదా మరి?" నాన్న నుదురు కొట్టుకున్నాడు. "మనుషుల్ని దీంతో కొలిచావు, గుడ్డ నేను స్కేలుతో కోశాను. చొక్కాలన్నీ బిగుసుకున్నది అందుకన్నమాట."

"అయితే నేను లావెక్కలేదు!" పోస్ట్‌మాస్టరు బిగబట్టిన పొట్ట హాయిగా వదిలేశాడు. "ఉండండి, ముందు మా ఆవిడకి చెప్పాలి." గుండీలు పెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

సర్వేయరు నవ్వాడు. ఊపిరి అందనంతగా నవ్వాడు. "మీరు చెప్పింది నిజమే అయింది చిన్న మాస్టారూ."

"అయినా అది అబద్ధమే. నిజమని తెలిసి చెప్పలేదు నేను. నన్ను క్షమించండి."

"గురువారమే క్షమించాను. ఆ గొడుగు మడతలో మీరు కుట్టిన చిరుగు చూశాక కోపం నిలవలేదు." చెవులు ఎర్రబడుతున్నా ఆగలేదు. "ఇంకో మాట. లోపల ఇంకా నాలుగున్నర అంగుళాలుంది. నెలకి అర అంగుళం చొప్పున తొమ్మిది నెలలు రావాలి. అంతకాలం గుండీలు తెంపుకుంటూ రావడం కష్టమండీ. మీకిష్టమైతే, మాస్టారు గారు సరేనంటే, ఇంట్లోనే కొలుచుకుందాం."

చిన్న మాస్టారు నాన్న వైపు చూసింది. ఆయన పాత టేపుని మళ్ళీ మేకుకి వేలాడదీసి, తాళాలు కడుతున్నాడు.

"నన్నెందుకు చూస్తావు? టేపు కత్తిరించిన రోజే నాకు తెలుసు," అన్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాకిష్టమే," అంది ఆమె, స్టీలు టేపుని డబ్బాలోకి చుడుతూ.

*

ఆదివారం కొత్త పైకప్పు కింద అతను ముందుకొచ్చి నిలబడ్డాడు. తండ్రీకూతుళ్ళు మూడో వరసలో కూర్చున్నారు. రెండో చరణం మధ్యలో అతనికి ఊపిరి అందలేదు. చిన్న మాస్టారు బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. బృందాన్ని అందుకోమని అత్త చెయ్యి ఎత్తలేదు, వాళ్ళలో ఎవరూ అందుకోలేదు, మందిరం మొత్తం ఎదురుచూసింది. అతను చేత్తో అంగీ పక్కన మడతని తడుముకున్నాడు. నిదానంగా ఊపిరి పీల్చుకుని, ఆగిన మాట దగ్గరే మొదలుపెట్టి చివరిదాకా పాడాడు.

బయటికొచ్చాక నాన్న అతని భుజం తట్టాడు. "అయితే మాటలు కలిశాయన్నమాట. ముందు పలకరించింది ఎవరు బాబూ?"

"ఆయన మానితే కదండీ! ఆ పెద్దాయన నోటితో రోజూ పలకరిస్తూనే ఉన్నాడు. నేనే వినిపించుకోలేదు."

సోమవారం పొద్దున షాపు తెరవగానే చిన్న మాస్టారు కొలతల పుస్తకం తీసింది. సర్వేయరు పేజీలో నలభైని కొట్టేయలేదు. దాని కిందే కొత్త వరస రాసింది: ఛాతీ ముప్పై అయిదున్నర. లోపల గుడ్డ ఉంది.