కార్విన్ సిలిండర్లలో గాలి

భిక్నూర్ దగ్గర హైవే ధాబాలో చాయ్ నోట పెట్టుకున్నాడో లేదో, ఏజెంట్ జైసింగ్ చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్. నమస్కారం లేదు, పండగ పలకరింపు లేదు.

"టార్గెట్ పేరు కార్విన్. ఫారిన్ ఏజెంట్. చేపల కన్సల్టెంట్ వేషం. ఎల్లారెడ్డి అవతల, నిజాంసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున షెడ్డు. మన టెస్ట్ డ్రోన్ ఆ నీళ్లలో కూలింది. దాని బ్లాక్‌బాక్స్ కోసం ఇవాళే డైవింగ్."

"నేనేం జెయ్యాలె సార్?"

"కంప్రెసర్ మెకానిక్‌గా వెళ్లు. టీం వచ్చేదాకా ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకు. అక్కడ పద్మలత అని డబుల్ ఏజెంట్ ఉంది. మన మనిషే. కోడ్ 'మిషిన్ చల్లబడ్డదా?' జవాబు 'పొద్దుగాలనే.' ఓవర్."

దసరా పూట డ్యూటీ వేసిన పెద్దమనిషిని మనసారా తిట్టుకుని జైసింగ్ బయల్దేరాడు. పుట్టింది లింగంపేట పక్క తండాలో. నేవీలో ఉన్నన్నాళ్లూ డైవింగ్ సిలిండర్లకు గాలి నింపే హైప్రెషర్ కంప్రెసర్లతోనే కాపురం. గ్రీజు మరకల చొక్కా ఒక్కటి తొడిగితే వేషం పూర్తయింది.

షెడ్డులో శాటిలైట్ ఫోనుంది, చీకట్లో చూసే కళ్లద్దాలున్నాయి, ఏసీ కూడా ఉంది. కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి పైన పటారం, లోన లొటారం. డ్రెయిన్ వాల్వ్ విప్పితే పాలు విరిగినట్టు నూనె కలిసిన నీళ్లు కక్కింది. గాలిని శుభ్రం చేసే ఫిల్టర్ ఎప్పుడో చచ్చింది. అన్నిటికన్నా ఘోరం, గాలి పీల్చే గొట్టాన్ని డీజిల్ జనరేటర్ పొగగొట్టం పక్కనే పడేశారు. థూ అనుకున్నాడు జైసింగ్. రహస్యాలు కాజేస్తానని సముద్రాలు దాటి వచ్చిన మొనగాడికి, తాను పీల్చే గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకునే ఇంగితం లేదు!

ఒక్కో సిలిండర్ వాల్వ్ కాస్త విప్పి, బయటికొచ్చిన గాలికి వాచీలోని సెన్సర్ పట్టాడు. అన్నింటికీ ఎర్ర లైటే. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. ఒడ్డున పీలిస్తే తలనొప్పి, లోతులో పీలిస్తే చావు. పీల్చి చావనీ, మనకు తూటా ఖర్చు తప్పుతుందనుకున్నాడు.

అప్పుడొచ్చింది పద్మలత. నల్లటి డైవింగ్ సూట్, ఎర్రటి లిప్‌స్టిక్.

"మిషిన్ చల్లబడ్డదా?"

"పొద్దుగాలనే."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. కార్విన్‌కు తన మీద అనుమానం వచ్చింది. అందుకే ముందు తనొక్కతినే దింపుతున్నాడు. పడవలో తుపాకీ పట్టుకుని మనిషున్నాడు. దిగనంటే అక్కడికక్కడే కాలుస్తాడు.

ఆ విషపు గాలి పీల్చేది ఆమేనని జైసింగ్‌కు అర్థమైంది. తిన్నగా కార్విన్ దగ్గరికే వెళ్లి, గాలి విషమైంది, మళ్లీ నింపాలన్నాడు. పద్మలత ఇంగ్లీషులోకి మార్చి చెప్పగానే వాడు నవ్వాడు. బిల్లు పెంచుకోవడానికి ఏ దేశంలోనైనా మెకానిక్‌లు చెప్పే కథే ఇదట. సిలిండర్ తెచ్చి ఆమె వీపుకు వాడే బిగించాడు. ఆమె మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచింది.

సరిగ్గా అప్పుడే షెడ్డు స్థలం ఆసామి రుక్మాబాయి పసుపుకుంకాల పళ్లెం, బంతిపూల దండలతో దిగింది. వెనక ఊరి జనం, చేపలు పట్టేవాళ్లు. దసరా నాడు మిషిన్లకు పూజ చెయ్యకుండా ఎలా? ఊరివాళ్లను నొప్పించొద్దని ఎవరో నూరిపోశారు కాబోలు, కార్విన్ బొమ్మలా చేతులు జోడించాడు.

జైసింగ్‌కు ప్రాణం లేచొచ్చింది. "అవ్వా, పూజకు ముంగట సిలిండర్లల్ల పాత గాలి ఇడువాలె గదా?"

అలాంటి ఆచారం ఈ భూమ్మీద లేదు. రుక్మాబాయి అతణ్ణి చూసింది. తర్వాత కార్విన్‌ను చూసింది. ఆమె చేత్తో ఇచ్చిన చాయ్‌ని ఆమె కళ్లముందే పారబోసిన మనిషి.

"ఇడువకుంటే ఎట్ల బిడ్డా? మా మామ కాలం నుంచి గంతే," అంది నిబ్బరంగా. "ఆ పిల్ల ఈపు మీదున్నది గూడ."

పద్మలత వెనక్కి తిరిగి, ఈ మాట కార్విన్‌కు చెప్పింది. కాదంటే గొడవ ఫోన్లకెక్కి జిల్లా అంతా చూస్తుందని తనవంతు ఒక ముక్క కలిపింది. అప్పటికే పది ఫోన్లు పైకి లేచాయి. కార్విన్ పళ్లు కొరుక్కుంటూ తలూపాడు. జైసింగ్ వాల్వులు తిప్పాడు. చెవులు దిమ్మెత్తే బుసతో విషం గాలిలో కలిసిపోయింది. పద్మలత భుజాల మీద నుంచి దించిన సిలిండర్‌ను చివర్న ఖాళీ చేశాడు.

మళ్లీ నింపమని కార్విన్ అరిచాడు. పసుపు పెట్టిన మిషిన్‌ను రేపటిదాకా ముట్టగూడదంది రుక్మాబాయి. వాడికిక ఓపిక చచ్చింది, చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. అది బయటికొచ్చేలోపు టీం జీపులు షెడ్డు ముందు ఆగాయి. పడవలోవాడు తుపాకీ నీళ్లలో పారేసి, జీతానికొచ్చిన కూలీనని ఏడుపందుకున్నాడు. వీళ్లా గూఢచారులు!

మరుసటేడు దసరాకు తండాకు వస్తూంటే ఎల్లారెడ్డిలో జైసింగ్ బైకు టైరు కూర్చుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌కు పసుపు, బంతిదండ. ట్యాంకు ఖాళీ.

"ఇయ్యాల గాలి దొరకదన్నా," అన్నాడు షాపువాడు జాలిగా. "దసరా నాడు పాత గాలి ఇడుస్తం. తాతల కాలం నుంచి ఉన్నదే, నీకు తెల్వదా?"

తెలియదని చెప్పి, జైసింగ్ లింగంపేట దాకా బండి తోసుకుంటూ నడిచాడు.