ఎర్రగుడ్డ కట్టిన గెడ

అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, భాద్రపదం. పెద్ద వరద వచ్చిన ఏడు. బరిసాల్ నుంచి లాంచీలో వచ్చి నేనూ మా తమ్ముడు హష్మత్ పొద్దున ఎనిమిదింటికి ఢాకా రేవులో దిగాం. మేము పడవ నడుపుకునేవాళ్ళం. నగరం చూడటం అదే మొదలు.

నాన్నకి కడుపులో పుండు. మామయ్య వారం ముందే తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్. ఆలోపు రక్తం కావాలి. ఇంట్లో నాన్న రక్తంతో కలిసేది హష్మత్ రక్తం ఒక్కటే.

ఆసుపత్రి రేవుకి దగ్గరేనన్నారు. రిక్షా ఎక్కాం. వంద గజాలు పోయి ఆగింది. ముందు రిక్షాలు, వెనక రిక్షాలు, మధ్యలో అడ్డం తిరిగిన మంచుదిమ్మల బండి. బెల్లులు, బూతులు, కుళ్ళిన చేపల కంపు. అరగంటైనా చక్రం కదల్లేదు.

"ఎందుకు ఆపావు?" అన్నాను.

"నేనా ఆపింది? ఊరు ఆపింది. పడవుంటే దించు భాయ్, జనం నెత్తిమీద తోలుకుపోదువుగాని" అన్నాడు రిక్షావాడు, బీడీ ముట్టించుకుంటూ.

దిగి నడిచాం. పాన్‌కొట్టు వాడు ఎడమకి పొమ్మన్నాడు. ఎడమకి పోతే గోడ. దర్జీ వెనక్కి పొమ్మన్నాడు. వెనక్కి పోతే మళ్ళీ అదే పాన్‌కొట్టు. కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన చెయ్యి పట్టుకుని మరీ దారి చూపించాడు. ఆ దారిన గంట నడిస్తే పశువుల ఆసుపత్రి వచ్చింది.

"ఆసుపత్రేగా అడిగారు!" అని గేటు దగ్గర కాపలావాడు నవ్వాడు.

"అన్నా, పన్నెండు దాటింది" అన్నాడు హష్మత్. వాడి గొంతులో ఏడుపుంది. నాకు వాడిమీద కూడా కోపం వచ్చింది. ఈ ఊళ్ళో తెలియదని చెప్పేవాడు ఒక్కడూ లేడు. అందరికీ అన్నీ తెలుసు, అన్నీ తప్పే.

అప్పుడు వాన పట్టుకుంది.

పట్టపగలే చీకటి పడినట్టయింది. అడ్డదారని ఒక సందులో దిగాం. రెండు పక్కలా పాచి పట్టిన గోడలు. మోకాళ్ళ దాకా నల్లటి నీళ్ళు. నాలుగడుగులు వేసేసరికి వీధి రొద ఆగిపోయింది. బెల్లులు లేవు, మనుషుల అరుపులు లేవు. వాన చప్పుడు కూడా ఎక్కడో దూరంగా... ఏదో చచ్చి నానుతున్న వాసన.

సందు మధ్యలో నీళ్ళలో ఒక వెదురు గెడ నిలబెట్టి ఉంది. కొసన ఎర్రగుడ్డ. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక ముసలామె ఉంది. మాకు మోకాలి లోతు నీళ్ళు ఆమెకి రొమ్ముదాకా ఉన్నాయి. కూర్చుందేమో అనుకున్నాను.

మా వైపు వరదకి గట్టు మునిగితే, దాని వెంట ఇలాగే ఎర్రగుడ్డ గెడలు పాతుతాం. గెడ కింద గట్టినేల ఉందని గుర్తు. పైగా తెలియని నీళ్ళలో చేతిలో గెడ లేకుండా నడవడం మాకు అలవాటు లేదు. వెళ్ళి గెడ పట్టుకున్నాను.

"నాయనా..." గుసగుసగా అంది ఆమె. "తియ్యకు..."

"అన్నా, వద్దంటోంది కదా."

"పొద్దుట్నుంచీ ఈ ఊరు చెప్పినమాట వినే ఇక్కడ తగలడ్డాం. ఇక వినను."

లాగాను. రాలేదు. కింద ఎవరో పట్టుకున్నట్టుంది. పళ్ళు బిగించి లాగాను... ఊడి వచ్చింది.

తలెత్తి చూస్తే ముసలామె లేదు.

"అన్నా, ఆమె ఏది?"

"లేచి వెళ్ళి ఉంటుంది. గెడ ఉన్నచోట నేల గట్టిది. అటే అడుగెయ్యి."

గెడతో పక్కన లోతు చూసుకుంటూ నేను ముందుకు కదిలాను. ఎక్కడో మసీదులో మధ్యాహ్నం నమాజుకి జొహర్ అజాన్ మొదలైంది. వెనక చిన్న చప్పుడు. బుడుంగుమని.

తిరిగాను.

నీళ్ళున్నాయి... వాడి టోపీ ఉంది... వాడు లేడు.

గెడ దించాను. దిగింది... ఇంకా దిగింది... చేతికి అడుగు తగల్లేదు. అప్పుడు కిందనుంచి ఎవరో దాన్ని పట్టుకున్నారు. ఒక్కసారి గుంజారు. వదిలేశారు.

నా కేకలకి జనం వచ్చారు. ఒక్కసారిగా రొద అంతా తిరిగొచ్చింది.

"మ్యాన్‌హోల్‌కి మూత లేదని గెడ పాతాం కదరా! పోయినేడు ఒక ముసలామె పడి చచ్చింది ఇక్కడే! ఎవడు పీకాడు?"

గెడ నా చేతిలోనే ఉంది.

వాడికోసం వెదికి వెదికి, ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం ఐదయింది. మామయ్య నన్ను చూసి నవ్వాడు.

"గండం గడిచిందిరా. సమయానికి వచ్చాడు మన హష్మత్. ఒంటిగంటన్నరకి. పిలిస్తే పలకడు, అడిగితే చెప్పడు. మంచమంతా మురికినీళ్ళు చేసి, రక్తమిచ్చి లేచి వెళ్ళిపోయాడు. ఎటు పోయాడురా?"

మంచం కింద నీళ్ళు ఇంకా ఆరలేదు. అదే వాసన.

నాన్న పదకొండేళ్ళు బతికాడు. హష్మత్ శవం దొరకలేదు.