ఘటానికి తెరవని తలుపు

రిటైర్డ్ హవల్దార్ జగ్గారావు కనబడటం లేదు.

కంప్లైంట్ ఇచ్చింది ఇంట్లోవాళ్లు కాదు, బ్యాంకు మేనేజర్ భానుమూర్తి. పెన్షనరు బతికే ఉన్నాడని ఏటా నవంబరులో చూసి రాసుకోవాలి. మంచం పట్టిన మనిషి కదా అని పాపం ఆయనే బరంపురం బడా బజార్‌లోని ఇంటికి వెళ్లాడు. మంచం ఖాళీ. పెన్షన్ మాత్రం నెలనెలా ఏటీఎంలోంచి ఎవరో తీసుకుంటూనే ఉన్నారు.

"మర్డరే సార్," అన్నాడు భానుమూర్తి.

ఇన్‌స్పెక్టర్ వైకుంఠరావు నవ్వి ఊరుకున్నాడు. బ్యాంకువాళ్లకి హత్యలంటే మహా సరదా.

ముసలాయన భార్య, కొడుకు ఎప్పుడో పోయారు. ఇంట్లో మిగిలింది కోడలు అప్పలనర్సమ్మ, ఆమె కూతురు అమ్మడు. ఫిట్స్ వచ్చే పిల్ల. ఒంటరిగా వదలడానికి లేదు.

"మీ మామ ఏడమ్మా?"

"ఆర్యపల్లి ఎల్లాడు బాబూ. మా తమ్ముడింటికి."

"ఎప్పుడు?"

"మాగంలో. సముద్రం సూస్తానంటే ఆటోలో పడుకోబెట్టి తీసుకెల్లాం."

"ఎప్పుడొస్తాడు?"

అమ్మడికి మందు వేసే వేళయిందని ఆమె లేచింది.

జీపు ఆర్యపల్లి వెళ్లింది. తమ్ముడు లక్ష్ముడు వల బాగుచేసుకుంటున్నాడు. మావ చికిటి ఎల్లిపోనాడన్నాడు. చికిటిలో ఎవరింటికని అడిగితే నీళ్లు నమిలాడు. అతన్నీ జీపెక్కించారు.

సాయంత్రం అందర్నీ ఆ ఖాళీ మంచం చుట్టూ కూర్చోబెట్టాడు వైకుంఠరావు. ఇంటి ఓనరు కూర్మమ్మ కూడా వచ్చింది.

"మర్డర్ కాదు," అన్నాడు. "ఆయన చస్తే నష్టపోయేది ఈవిడే. కానీ ఆయన పోయాడు. ఠాకురాణి అమ్మవారి జాతరకి ముందే పోయాడు."

"ఎలా తెలుసు?" అన్నాడు భానుమూర్తి.

"కూర్మమ్మగారు నాకు చెప్పిందే మీకూ చెప్పారు. మీరు వినలేదు. జాతరలో ఇంటింటికీ తిరిగే అమ్మవారి ఘటం గుమ్మం ముందుకొస్తే ఈవిడ పసుపునీళ్లు పోయలేదు. ఒంట్లో బాగులేదని తలుపేసుకుంది. చావు జరిగిన ఇల్లు ఏడాదిదాకా ఘటానికి ఎదురెళ్లదు." అప్పలనర్సమ్మ వైపు తిరిగాడు. "చావు దాచావు. మైల ఎందుకు పట్టావమ్మా? ఆ రోజు తలుపు తీసుంటే నాకు అంతుబట్టేది కాదు."

"బేంకుకి అబద్దం సెప్పగలను బాబూ. అమ్మవారికి ఎలా సెప్తాను?"

లక్ష్ముడు తలవంచాడు. "ఆర్యపల్లి సేరినాక పోనాడు. నిప్పు నానే పెట్టినాను."

"పట్టాలంలో మావ కష్టపడి దాసుకున్న డబ్బే కదా," అంది ఆమె.

"దాచుకున్నది కాదమ్మా," అన్నాడు భానుమూర్తి, ఈసారి మెల్లగా. "ఆయన జీతంలోంచి దీనికి పైసా కోయలేదు. జనం కట్టే పన్నుల్లోంచి ఏ ఏటికాయేడు బడ్జెట్లో తీసిపెట్టి ఇస్తారు. ఆయనున్నన్నాళ్లూ ఆయనకి, తర్వాత భార్యకో బిడ్డకో. కోడలికి, మనవరాలికి రూలు లేదు."

"మరి మావ ముడ్డి కడిగినదాన్ని నానే కదా బాబూ. దానికి ఏ రూలూ లేదా?"

వైకుంఠరావుకి ఒళ్లు మండింది. ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. కేసు రాయకుండా తప్పించే దారేమైనా ఉందా అని వెతికాడు. లేదు. పిల్లని చూసుకుంటారా అన్నట్టు కూర్మమ్మ వైపు చూశాడు.

"నాను ముసిలిదాన్ని బాబూ. ఫిట్సొస్తే పట్టుకోలేను," అందామె నేల చూస్తూ.

స్టేషన్‌కి రమ్మనే మాట ఆయన నోటికి రాలేదు. అప్పలనర్సమ్మే మందుల సంచి తీసుకుంది. అమ్మడి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్లి, కూతుర్ని ముందు జీపెక్కించింది.

"దీన్ని ఎవరికి అప్పసెప్పి రాను బాబూ? ఇద్దర్నీ తీసుకెల్లండి."